అమావాస్యనాడు నడిచిన మగ్గాలు

2006 నవంబరులో ఒక ఉదయం, వనపర్తిలోని ప్రైవేట్ డిటెక్టివ్ శ్రవణ్ కుమార్ ఆఫీసుకు గద్వాల నుంచి భీమమ్మ అనే నేతగత్తె వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సారూ, మా ఇంటాయన ఆశన్న దొంగ గాదు. మూడు దినాల సంది ఔట్‌పోస్టుల పెట్టి కొడ్తున్నరు. జర బయటికి తీస్కరాండ్రి" అంది.

సోమవారం అమావాస్య. ఆ రోజు వాళ్ల పేటలో ఎవరూ మగ్గం ముట్టరు. ఆశన్న ఇంటిల్లిపాదీ ఎనిమిదింటికి తాళం వేసి జమ్ములమ్మ గుడికి పోయారు. నాలుగింటికి తిరిగొస్తే వెనక తలుపు విరిగి ఉంది. షావుకారుకు ఇవ్వాల్సిన తొమ్మిది పట్టుచీరలు లేవు. ఎస్సై విజయ్ వస్తూనే మగ్గం గుంజకు వేలాడే బీట్ పుస్తకం తీశాడు. గస్తీ పోలీసు వచ్చిపోయినట్టు సంతకం చేసే పుస్తకమది. వానకు తడుస్తుందని ఇంటి లోపలే ఉంచుతారు. అందులో పదకొండింటికి, ఒంటిగంటకు, మూడింటికి కానిస్టేబుల్ జంగయ్య సంతకం, పక్కన "మగ్గాలు నడుస్తున్నాయి, అంతా క్షేమం" అన్న మాట ఉన్నాయి. గస్తీ ఉండగా బయటి దొంగ ఎలా వస్తాడని, ఆశన్నే చీరలు అమ్ముకున్నాడని ఎస్సై తేల్చేశాడు.

శ్రవణ్, సహాయకురాలు తేజస్విని పేట ఔట్‌పోస్టుకు వెళ్లారు. మంజూరైన పోస్టులు పన్నెండు, ఉన్నది ఒక రైటరు, నలుగురు కానిస్టేబుళ్లు. ఎవరు ఎక్కడ గస్తీ తిరగాలో చార్ట్ వేసేది రాతపని చూసే రైటర్ అనంతయ్య. నూట నలభై మగ్గాల పేటకు అతను వేసింది జంగయ్య ఒక్కణ్ణే. విడిగా అడిగితే జంగయ్య తల దించుకున్నాడు. ఆదివారం సాయంత్రం తను పుస్తకంలో సంతకం పెట్టినప్పుడు కింద ఖాళీగానే ఉందట. సోమవారం నలుగురు కానిస్టేబుళ్లనూ అనంతయ్యే ఒక నాయకుడి ఇంటి విందులో వడ్డించడానికి పంపాడట.

మధ్యాహ్నం శ్రవణ్ ఎస్సైతో, అనంతయ్యతో సహా అందరినీ ఆశన్న మగ్గం చుట్టూ కూర్చోబెట్టాడు.

"అమావాస్యనాడు ఇక్కడ ఏ మగ్గం నడిచింది, ఎస్సై గారూ? రోజూ రాసే మాటే ఆ రోజూ రాశారు. ఆదివారం ఖాళీగా ఉన్న చోటు, మీరు పుస్తకం తీసేసరికి నిండింది. రాత్రంతా ఇంటివాళ్లు ఇక్కడే ఉన్నారు. పగలు ఇల్లు తాళంలో ఉంది. తలుపు విరగ్గొట్టినవాడే ఈ సంతకాలు పెట్టాడు."

తేజస్విని డ్యూటీ చార్ట్ తెచ్చి పుస్తకం పక్కన పెట్టింది. రెండింటిలో చేతిరాత ఒక్కటే. పేటను ఖాళీ చేసినవాడే దోచాడు. దొంగతనానికి వచ్చి కూడా రికార్డు పూర్తిచేసి పోయిన ఆ బుద్ధికి శ్రవణ్ ఒళ్లు మండిపోయింది.

అనంతయ్య పెద్దగా సిగ్గుపడలేదు. "పుస్తకం ఖాళీగ ఉంటే పైనోళ్లు అడుగుతరు గద సార్" అన్నాడు. చీరలు ఔట్‌పోస్టులోనే, స్వాధీనం చేసుకున్న వస్తువుల బీరువాలో దొరికాయి.

ఎస్సై శ్రవణ్‌ను పక్కకు పిలిచాడు. మనుషులు చాలక తానూ పరేషాన్‌లో ఉన్నానని, విందు సంగతి మాత్రం కాగితంలోకి రానీయొద్దని బతిమాలాడు.

"విందుకు నలుగురు, పేటకు ఒక దొంగ. అదే రాస్తాను" అన్నాడు శ్రవణ్ అసహ్యంగా.

సాయంత్రం ఆశన్నను వదిలారు. అతను చీరల వైపు చూడలేదు. నేరుగా మగ్గం గుంటలోకి దిగి, పేక దారం తోసే నాడె పట్టుకోబోయాడు. అది చేతిలో నిలవక జారి కింద పడింది. భీమమ్మ తీసి మళ్లీ అందించింది.

"వేళ్లు వంగుతలేవే" అన్నాడు ఆశన్న.