తిబూర్సియో నాలుక కింది రాగి బిళ్ళ

గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మూడు గంటలు! సిలువ మీద దేవుడు కన్నుమూసిన ఘడియ... ఆదివారం తెల్లవారి ఆయన లేచేదాకా ఈ లోకానికి దిక్కూ మొక్కూ ఉండదని కొతబాతో మైదానంలో పసిపిల్లలకు కూడా తెలుసు. క్షుద్రోపాసకులకు మాత్రం అదే పర్వదినం.

ఆ ఘోర ముహూర్తాన మబ్బు తునక లేని ఆకాశం ఫెళఫెళమని ఉరిమింది. మొక్కజొన్న చేలలో కీచురాళ్ళ రొద ఒక్కసారిగా ఆగిపోయింది. గుడ్లగూబ ఒకటి పట్టపగలే రేకుల కప్పు మీద వాలి గోళ్ళతో గీకసాగింది... వెదురు మంచం పక్కన కూర్చున్న ఫెలీసా చటుక్కున లేచింది. ఆమెకు భయం గుడ్లగూబను చూసి కాదు, వాకిట్లో వినిపించిన చెప్పుల చప్పుడుకు.

మంచం మీద ఉన్నది ఆమె తండ్రి తిబూర్సియో. తొంభై ఒకటో ఏడు నడుస్తోంది. జపాను సైన్యంతో అడవుల్లో పోరాడిన గెరిల్లా. యుద్ధం ముగిశాక పనాయ్ దీవి నుంచి ఓడెక్కి వచ్చి, మనిషెత్తు గడ్డి కోసి, ఈ నేల మీద మొదటి గుడిసె వేసింది ఆయనే. నలభై రోజులుగా మెతుకు ముట్టలేదు. వీపంతా పుండ్లు. ఫాదర్ రెండుసార్లు వచ్చి చివరి తైలం రాసి వెళ్ళాడు. అయినా ప్రాణం పోదు!

ఎందుకు పోదో ఊరంతటికీ తెలుసు. ఆయన నాలుక కింద యుద్ధకాలం నాటి రక్ష ఉంది, వేలిగోరంత రాగి బిళ్ళ. దాన్ని ఇంకొకరికి అప్పగించేదాకా అది పెట్టుకున్నవాడికి చావు లేదు. ఆయనేమో ఎవరికీ ఇవ్వడు. కొడుకులిద్దరూ అడిగి, కాదనిపించుకుని, మూతి ముడుచుకుని దవావో పట్నం వెళ్ళిపోయారు. ఫెలీసా అడిగితే పళ్ళు బిగించాడు. ఇంత నరకంలోనూ ముసలాయనకు బతుకు మీద తీపి చావలేదని ఆమెకు లోలోపల కోపం. కూతురే పొలం కోసం గంజి పోయడం మానేసిందని ఇరుగుపొరుగుల గుసగుస.

ఆమె అసలు అనుమానం క్రిసాంతో మీద. ఊరివాళ్ళు మానోంగ్, అంటే పెద్దన్న, అని పిలుచుకునే నాటువైద్యుడతను. రోజూ పిలవకుండానే వచ్చి పుండ్లకు తైలం రాస్తాడు, ప్రతిఫలంగా ఒక్క కోడిపిల్లనైనా అడగడు. అతను వచ్చి వెళ్ళినప్పుడల్లా పుండ్లు ఇంకాస్త లోతవుతున్నాయి. నిన్న దిండు ఎత్తి చూస్తే ఏడు నల్లని పెంకు పురుగులు... బారులు తీరి, ఆమె వైపే చూస్తూ! ఎవరితో చెప్పుకుంటుంది? ఊళ్ళో సగం మందికి అతనే పురుడు పోశాడు.

క్రిసాంతో నవ్వుకుంటూ లోపలికి వచ్చాడు. భుజాన గోనెసంచి ఉంది.

"ఈ పూటకి వదిలెయ్ మానోంగ్. రేపు రా," అంది ఫెలీసా దారికి అడ్డం నిలబడి.

"రేపటిదాకా ఆగితే ఎల్లుండి మీ దేవుడు లేచి కూర్చుంటాడు, ఇందాయ్, చిట్టితల్లీ. నలభై రోజులు పురుగుల్ని పెట్టి మీ నాన్నని మెత్తబరిచింది అందుకా?"

ఆమె అనుమానమంతా నిజమైంది. కేకపెట్టబోతే అతను చూపుతోనే ఆమె మాట కట్టేశాడు! క్రిసాంతో సంచిలోంచి ఒక కపాలాన్ని తీసి ముసలాయన తలాపున పెట్టాడు. ఒకనాడు తిబూర్సియో చేతిలో చచ్చిన జపాను సైనికుడి కపాలమది. దాని ముందు నల్లని కొవ్వొత్తి వెలిగించి, కర్ణకఠోరంగా మంత్రోచ్చారణ మొదలుపెట్టాడు. గాలి స్తంభించింది. కపాలం కంటిగుంతల్లోంచి పురుగులు బిలబిలమంటూ వచ్చి ఫెలీసా పాదాల మీదుగా పైకి పాకాయి... మోకాళ్ళు... నడుము... కుడిచెయ్యి! ఆ చెయ్యి ఇక ఆమెది కాదు. దానంతటదే లేచి తండ్రి నోటి వైపు సాగింది.

కడుపున పుట్టినవాళ్ళ చేతికి తప్ప ఆ నోరు తెరుచుకోదని క్రిసాంతో తాపీగా చెప్పాడు. బిళ్ళ తన సొంతమైతే చావు తన గడప తొక్కదట. ముసలాయన ఆత్మేమో యుగాంతం దాకా తన పురుగులను మేపుకుంటూ పడి ఉంటుందట. ఫెలీసా ఎడమచేత్తో కుడిచేతిని పట్టి లాగింది. పళ్ళతో కొరికింది. రక్తం కారింది గాని చెయ్యి ఆగలేదు. ఆమె వేళ్ళు తండ్రి పెదవుల మధ్య దూరాయి...

తిబూర్సియో కళ్ళు తెరిచాడు. నెత్తురోడుతున్న కూతురి చేతిని చూశాడు.

"పిల్లని వదిలెయ్, క్రిసాంతో," అన్నాడు. నలభై రోజుల తర్వాత అదే ఆయన మొదటి మాట. "నేనే ఇస్తా. దోసిలి పట్టు."

వద్దు నాన్నా అని ఫెలీసా మనసులోనే మొత్తుకుంది. నిప్పుల్లో నడిచిన మనిషి చివరికి ఈ నీచుడికి లొంగిపోయాడా? ఆయన బిళ్ళను ఉమ్మేశాడు. క్రిసాంతో దాన్ని ఆత్రంగా నాలుక కింద పెట్టుకుని వికటాట్టహాసం చేశాడు!

"నా చావులన్నీ అందులోనే ఉన్నాయిరా," అన్నాడు ముసలాయన నెమ్మదిగా.

నవ్వు సగంలో తెగిపోయింది. క్రిసాంతో భుజం మీద రంధ్రం పడి నెత్తురు చిమ్మింది. గదినిండా తుపాకిమందు వాసన! యుద్ధంలో నాన్న నది దాటుతుంటే గురితప్పిన గుండు అది, ఫెలీసా పోల్చుకుంది... ఆ వెంటే రొమ్ములో నాలుగు. తర్వాత పళ్ళు టకటకలాడే చలిజ్వరం, ఓడలో వచ్చిన సగం మందిని మొదటి ఏడాదే మింగిన జ్వరం. చీలమండ మీద రెండు కోరల గాట్లు, గడ్డి కోస్తుండగా కాటేసిన నాగుపాము. తాను కొట్టిన చెట్టు తన మీదే పడితే నాన్న దుమ్ము దులుపుకుని లేచాడని అమ్మ నవ్వుతూ చెప్పేది. ఇప్పుడు క్రిసాంతో వెన్నెముక ఫటఫటా విరిగింది. బిళ్ళను ఉమ్మేయాలని గింజుకున్నాడు గాని దవడలు విడివడలేదు. డెబ్భై ఏళ్ళు తప్పిపోయిన మృత్యువులన్నీ ఒక్క దేహం మీద పడ్డాయి! కపాలం భళ్ళున పగిలింది. పురుగులు బూడిదై రాలాయి. క్రిసాంతో నేల మీద ముద్దగా మిగిలాడు, అతని నోట్లో బిళ్ళ లేదు.

చెయ్యి తనదయ్యాక ఫెలీసా తండ్రి తలను ఒళ్ళో పెట్టుకుంది. చావంటే భయపడుతున్నాడనుకున్నానని ఏడుస్తూ ఒప్పుకుంది.

"భయమేనే, ఇందాయ్," అన్నాడాయన. "అయితే మాత్రం మీలో ఎవరి నోట్లో పెట్టను దాన్ని? నాతోనే కుళ్ళిపోతుందేమోనని చూశా."

మంచినీళ్ళు అడిగి రెండు గుక్కలు తాగాడు. మూడో గుక్క గొంతు దిగలేదు.

గుడ్ ఫ్రైడే నాడు ఆ మైదానంలో ఎవరూ ఒంటి మీద నీళ్ళు పోసుకోరు. పోస్తే పాపం. ఫెలీసా లేచి పొయ్యి రాజేసింది. పెద్ద గిన్నె నిండా నీళ్ళు కాచి, తండ్రి వీపు మీది పుండ్లన్నీ మెల్లగా కడిగింది.