అట్ట గొడ్డలి

"ఆగండి! ఇనుప ఆయుధాలు లోపలికి తేకూడదు."

వేషాల పోటీ జరిగే హాలు గుమ్మంలో, వాలంటీర్ బ్యాడ్జీ పెట్టుకున్న యువకుడు పోటీకి వచ్చిన ఒక అమ్మాయికి అడ్డు నిలిచాడు.

బయట జోరు వాన. ఆమె తన రెయిన్‌కోటు గొడ్డలికి తొడిగి, తాను తడిసి ముద్దయి వచ్చింది. కోటు తీయగానే రెండు వైపులా నెలవంకల్లాంటి అంచులు తళుక్కుమన్నాయి; అవి చూసే అతను ఆపాడు.

"ఇనుమా ఇది?" అందామె.

"చూస్తే తెలియట్లేదా? తల తెగుతుంది."

"తెగుతుందేమో చూద్దాం," అంటూ ఆమె గొడ్డలెత్తి అతని నెత్తిన ఒక్కటి వేసింది.

అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. దిండుతో కొట్టినట్టు టప్‌మని చప్పుడైంది. మెల్లగా ఒక కన్ను తెరిచాడు.

"ఏంటండీ ఇది?"

"పాత యోగా మ్యాటు, అట్టపెట్టె, మధ్యలో ప్లాస్టిక్ పైపు. ఆ మేకుల తలలున్నాయే, అవి సీసా మూతలు. ఇక వెళ్ళొచ్చా?"

"వెళ్ళండి. ఇంకోటి వేసి వెళ్ళినా పర్లేదు."

ఆమె నవ్వు దాచుకుని లోపలికి నడిచింది.

ఆమె నర్సు. ఆసుపత్రి నుంచి వచ్చాక రోజూ సాయంత్రం వంటింటి బల్ల మీద ఆ గొడ్డలి చేసుకుంది. "ఉద్యోగం చేసే పిల్లవి, ఇంకా ఈ బొమ్మలేంటి? నలుగురూ నవ్వుతారు," అని తండ్రి రోజూ సణిగేవాడు. "నవ్వనీ నాన్నా, నవ్వుకి టికెట్ లేదుగా," అని ఆమె అట్ట కోసుకుంటూనే ఉండేది.

వేదిక మీద జడ్జి గొడ్డలిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పనితనం బాగుంది. ఎక్కడ కొన్నావమ్మా?"

"నేనే చేశానండీ."

"మీ అన్నయ్య చేసిపెట్టాడా?"

"నాకు అన్నయ్య లేడు."

"చూడమ్మా, కొన్నవాటికి బహుమతి ఇవ్వం. నిజం చెప్పెయ్."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ముఖం ఎర్రబడింది. నడుముకున్న సంచీలోంచి కట్టర్ తీసింది.

"వద్దండీ!" అని గుమ్మం దగ్గర్నుంచి వాలంటీర్ అరిచాడు.

ఆమె కోసేసింది. ఒక అంచు ఊడి కింద పడింది. లోపల గోధుమరంగు అట్ట, దాని మీద పెన్సిల్ గీతలు.

"ఇది మా ఇంట్లో ఫ్యాను వచ్చిన పెట్టె. ఈ గీతలు నావి. ఇప్పుడు నమ్ముతారా?"

జడ్జి తడబడ్డాడు. "అయ్యో, ఎంత పని చేశావమ్మా! సరే, మూడో బహుమతి..."

"జాలి బహుమతులు నాకొద్దు సార్," అని మిగిలిన గొడ్డలి భుజాన వేసుకుని బయటికి వచ్చేసింది.

వరండాలో వెనకనుంచి అడుగుల చప్పుడు. వాలంటీర్ ఊడిన ముక్క పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఎందుకు కోశారండీ? నేను సాక్ష్యం చెప్పేవాణ్ణిగా, దెబ్బ తిన్నవాణ్ణి!"

ఆమెకు నవ్వొచ్చింది. ఆ వెనకే కన్నీళ్ళూ వచ్చాయి.

"నాకు గ్లూ గన్ పట్టడం వచ్చు," అన్నాడతను. "ఇద్దరం కలిసి బాగుచేద్దామా?"

"మీదీ జాలేనా?"

"కాదండీ. ఆ దెబ్బకి నా బుర్ర పనిచేయడం మానేసింది. బాధ్యత మీదే."

ఆ తర్వాత ప్రతి ఆదివారం, తండ్రి పొలం చూసుకోవడానికి ఊరెళ్ళాక, ఆమె ఇంటి బాల్కనీలో మరమ్మతులు సాగాయి. నిజానికి ఒక్క ఆదివారం సరిపోయే పని. అతను వంకరగా అతికించేవాడు, ఆమె తిట్టి పీకేసేది. ఆ తిట్లలోనే ఎప్పుడో ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది.

ఓ ఆదివారం ఊరికెళ్ళిన తండ్రి చెప్పకుండా తిరిగొచ్చాడు. బాల్కనీలో ఇద్దరూ, మోచేతుల దాకా వెండి రంగుతో కనిపించారు.

"ఎవరమ్మా ఇతను?"

"నేను పెళ్ళి చేసుకోబోయే అబ్బాయి, నాన్నా."

అతని చేతిలోని కుంచె జారిపడింది. "నాకు చెప్పనేలేదు!" అని గొణిగాడు.

"ఇప్పుడు చెప్పాగా."

తండ్రి కుర్చీలో కూర్చున్నాడు. "ఏం చేస్తుంటావు బాబూ?"

"కట్టుడు పళ్ళు తయారుచేస్తానండీ."

"బాగుంది! మా అమ్మాయిది అట్ట గొడ్డలి, నీవి కట్టుడు పళ్ళు. మీ ఇద్దరి దగ్గరా అసలైందంటూ ఏదైనా ఉందా?"

"ఉంది," అని ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా ఇది వదలను నాన్నా."

తండ్రి కుర్చీలోంచి లేచాడు.

"ఒప్పుకోనని ఎవరన్నారు? కాసేపు వదిలి ఆ చేతులు కడుక్కోండి. ముగ్గురం కలిసి భోంచేద్దాం."