చెవిపూస

కిన్నెర ఇంకా నోరు తెరవనే లేదు. పెసరట్ల బండివాడు ఆమెను చూసి తల కాస్త పక్కకు వంచాడు. చెవిలో మాట విని, నవ్వు ముఖం పెట్టాడు.

"మీ తెలుగు ఎంత బాగుందండీ," అన్నాడు.

రాజమండ్రి గోదావరి గట్టున రోజూ ఇదే తంతు. ఒక పెసరట్టు, మిరపకాయలు వద్దు, అల్లం పచ్చడి విడిగా అని చెప్పింది కిన్నెర. అతను మళ్ళీ తల వంచి విని, అట్టు నిండా పచ్చిమిరపకాయలు పరిచాడు. కారం తనకు పడదని ఆమె ఇంకోసారి చెప్పింది. మీవాళ్ళకు కారమంటే ప్రాణమటండీ, మొహమాటపడకండి అని అతను ఆప్యాయంగా పొట్లం కట్టి ఇచ్చాడు. ఆ ఆప్యాయతకే ఆమెకు కంపరం పుట్టింది. తిట్టినవాణ్ణి తిరిగి తిట్టొచ్చు, ఇలా మర్యాదగా నోట్లో కుక్కేవాణ్ణి ఏం చేస్తాం? మలుపు దాటాక ఆ అట్టును కుక్కకు వేసింది. అది కూడా మూతి తిప్పుకుంది.

చెవిపూస మిరియపు గింజంత ఉంటుంది. చెవి తమ్మెలో దాన్ని కుడతారు. ఎదుటి మనిషి ఊపిరిని అది దూరం నుంచే వాసన చూస్తుంది. ఆ నెత్తురులో ఏ జాతి పాలు ఎంతుందో తేల్చుకుని, ఈ మనిషికి ఏం పెట్టాలి, ఏం మాట్లాడాలి, దేనికి మెచ్చుకోవాలి అన్నది చెవిలో చెబుతుంది. మునుపు మనవాళ్ళు కొత్తవాళ్ళు కనబడితే మీదే ఊరు, ఇంటిపేరేమిటి, ఫలానావారు మీకేమవుతారు అని చుట్టూ తిరిగి, చివరికి కులం ఆరా తీసేవారు. సర్కారువారి సామరస్య మండలి ఆ ఆరాకు యంత్రం చేసిపెట్టింది, అంతే. ఎవరి మనసూ నొచ్చుకోకూడదని చేశారట. నిజం చెప్పాలంటే వీధి గొడవలు ఆగాయి కూడా. ఇప్పుడు ఏ గుంపుకు తగిన మర్యాద ఆ గుంపుకు అందుతోంది. ఆ గుంపులో ఉన్న మనిషికి ఏం కావాలో అడిగే నాథుడే లేడు.

ఇంతకన్నా రోత సంగతి ఒకటుంది. ఊరందరి చెవుల్లో ఆ మాటలు చెప్పే గొంతు కిన్నెరదే.

ఘనా దేశం నుంచి వ్యవసాయం చదువుకోవడానికి వచ్చిన మెన్సాకు, నరసాపురం వరాలమ్మకు పుట్టిన పిల్ల ఆమె. గోదావరి నీళ్ళు తాగి పెరిగింది. పద్యం అందుకుంటే వీధిలో పోయేవాళ్ళు నిలబడేవారు, ముఖం చూశాక మాత్రం ముక్కున వేలేసుకునేవారు. అందుకే రేడియోలో చేరింది. అక్కడ ఆమె ముఖం ఎవరికీ కనబడదు. ఏ జిల్లా, ఏ కులం అన్నది పట్టుబడని గొంతు కావాలని మండలివాళ్ళు వెతుక్కుంటూ వచ్చినప్పుడు ఆమెకు ఎక్కడలేని సంతోషమైంది. వాళ్ళు రాసిచ్చిన వాక్యాలన్నీ చదివింది. 'ఎదుటివారి తెలుగును మెచ్చుకోండి' అన్నది కూడా ఆమె తియ్యగా, నవ్వుతూ చదివిన వాక్యమే. అది తనమీదికే వస్తుందని అప్పుడు తోచలేదు.

పెద్దవాళ్ళు పూస వద్దనుకోవచ్చు. పిల్లలకు అది లేనిదే బడిలో చోటు లేదు. కిన్నెర కూతురు జాజికి ఏడేళ్ళొచ్చాయి. ఇన్నాళ్ళూ ఇంట్లోనే చదువు చెబుతూ, ఆ గొంతు పిల్ల చెవిన పడకుండా కాపాడుకొచ్చింది. జాజికి పరిగెత్తమంటే ఏడుపు, పద్యాలంటే పిచ్చి. చివరి అక్షరం మీద రాగం తీస్తూ ఊపిరాడక దగ్గేది, దగ్గి మళ్ళీ అందుకునేది. తను ఫలానా గుంపు పిల్లనని దానికి తెలియదు. తనెవరో అదే తేల్చుకునేదాకా ఎవరూ చెప్పకూడదన్నది కిన్నెర పట్టు. బడి తెరిచేలోగా ఏదో ఒకటి తేల్చుకుందామని ఆ ఉదయం మండలికి బయలుదేరింది.

అక్కడి అధికారిణి సువర్చల లేచి నిలబడి, డప్పు వాయిద్యం మోగించి మరీ స్వాగతం చెప్పింది. కిన్నెర పళ్ళు బిగపట్టి కూర్చుంది. నా కూతురికి ఏ ముద్రా లేకుండా బడిలో చోటివ్వండి అని అడిగింది. సువర్చల ఓపికగా విన్నది.

"అలాంటివాళ్ళు కూడా ఉన్నారండీ. ఏ గుంపూ వద్దనేవారి గుంపు. పోయినేడే చేర్చాం," అంది.

వాళ్ళను విడిగా కిటికీ పక్కన కూర్చోబెట్టాలనీ, అమ్మానాన్నల ఊసెత్తకూడదనీ, చక్కెర లేని టీ ఇవ్వాలనీ, తిరుగుబాటు పాటలంటే వాళ్ళకు ఇష్టమనీ వివరించింది. మీ పాపను అందులో వేయమంటారా అని అడిగింది. అడుగుతూనే తల పక్కకు వంచింది. పూస కొత్తగా ఏదో చెప్పినట్టుంది. చెయ్యెత్తి, తెచ్చిన టీని వెనక్కి పంపి, చక్కెర లేనిది తెమ్మంది.

ఛీ, వీళ్ళకు మనిషిని ఏదో ఒక డబ్బాలో వేసి మూత పెట్టనిదే నిద్రపట్టదు అనుకుంది కిన్నెర. పిల్లను బడికే పంపనని చెప్పి, నమస్కారమైనా పెట్టకుండా లేచి వచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో కొబ్బరి చిప్పలు, పసుపు నీళ్ళు, లోపల బెల్లం పొంగలి వాసన. వరాలమ్మ మనవరాలికి పట్టు పరికిణీ కట్టింది. మేనమామ లేడు గనుక తనే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కంసాలిని పిలిపించి చెవులు కుట్టించింది. కుడి చెవి తమ్మె ఎర్రగా వాచి ఉంది. అందులో నల్లటి పూస మెరుస్తోంది.

కిన్నెర తల్లిమీద విరుచుకుపడింది. వరాలమ్మ తగ్గలేదు.

"నీ చిన్నప్పుడు నిన్ను బడికి తీసుకెళ్తుంటే వెనకాల పిల్లలు ఏమని అరిచేవారో నువ్వు మర్చిపోయావేమో గానీ, నేను మర్చిపోలేదే. ఆ నోళ్ళు మూయించింది ఈ పూసే. దీన్నెవరూ అలా పిలవకూడదు, అంతే," అంది.

కిన్నెర కూతురి ముందు కూలబడింది. పూస తీయబోతే జాజి కెవ్వుమంది. పుండు మానేదాకా ముట్టుకోవద్దని కంసాలి చెప్పి వెళ్ళాడట. సరేలే, పూస ఉంటే ఉండనీ, దాని మాట వినకపోతే సరి అనుకుంది కిన్నెర. పిల్ల తల నిమిరి, పొద్దున నేర్చుకున్న పద్యం ఒకసారి చెప్పమంది.

జాజి తల అడ్డంగా ఊపింది.

"నాకు పద్యాలు సరిపడవంటమ్మా. పరుగూ డప్పూ అయితే బాగా వస్తాయంట."

"ఎవరన్నారే?"

"నువ్వే."

పూస కుట్టగానే ముందుగా ఆ మనిషెవరో ఆ మనిషికే చెబుతుంది. దాన్ని తొలిపలుకు అంటారు. ఆ తొలిపలుకును అయిదారు రకాలుగా, ముద్దుగా, లాలిపాడినట్టు చదవమంటే చదివింది కిన్నెరే. పరాయి గొంతు చెప్పి ఉంటే అబద్ధమని ఒక్క మాటలో తేల్చేసేది. ఇప్పుడు ఎవరి మాట కొట్టెయ్యమని చెప్పాలి?

అయినా చెప్పింది. పిల్ల ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, అది నేను కాదమ్మా, నేను ఇదిగో నీ ఎదురుగా ఉన్నాను అంది. నీకు ఏం వస్తుందో, నువ్వెవరో ఇంకెవరూ చెప్పక్కర్లేదు, నువ్వే చూసుకుందువుగాని, నెమ్మదిగా చూసుకో అంది. తనకు తెలిసిన తెలుగంతా పోగుచేసి, బతిమాలుతున్నట్టు చెప్పింది.

జాజి కళ్ళు తల్లిమీదే ఉన్నాయి. తల మాత్రం మెల్లగా పక్కకు వాలింది. కాసేపు బుద్ధిగా విన్నది. విన్నాక నవ్వు ముఖం పెట్టింది.

"మీ తెలుగు ఎంత బాగుందండీ," అంది.