రెండు వందల పద్నాలుగో టోకెన్

జీవితమంతా ఇనుప తాళ్ల బలం పరీక్షించిన మనిషి హోటల్ లిఫ్ట్‌లో చచ్చిపోయాడు. తాడు తెగి కాదు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ నుంచి ఒక్క బుల్లెట్, చెవి వెనక. తలుపులు తెరుచుకోగానే గదులు సర్దే ఆవిడ అతనికి గుడ్ మార్నింగ్ చెప్పింది. జవాబు రాకపోతే వినపడలేదేమోనని మళ్లీ చెప్పింది. ఆ తర్వాతే అరిచింది.

మధ్యాహ్నానికి ఆ శవం ఫొటో చీఫ్ టేబుల్ మీదికి చేరింది. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ దాన్ని కాలెండర్ చూసినట్టు చూసి పక్కన పెట్టాడు. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని మంచుగడ్డ అంటారు. అది ధైర్యమని కొత్తగా చేరినవాళ్లు అనుకుంటారు. పాతవాళ్లకి సంగతి తెలుసు. చిన్నప్పుడు రాగి గనిలోకి దిగిన తండ్రి మళ్లీ పైకి రాలేదు. ఆ రోజు అతనిలో ఏదో స్విచ్ ఆఫ్ అయింది, మళ్లీ వెలగలేదు. అక్క బట్టలు కుట్టి చదివించింది. చదివాడు, ఉద్యోగం తెచ్చుకున్నాడు, అక్కకి ఫోన్ చేయాల్సిన రోజున చేస్తాడు. అంతే.

"చచ్చినవాడు విదేశీ తాళ్ల కంపెనీ ఇంజనీరు," అన్నాడు చీఫ్. "పోయిన వారం మీ ఊరి గనిలో లిఫ్ట్ తాడు మార్చడానికొచ్చాడు. అసలు ఉద్యోగం వేరు. ఓ విదేశీ ముఠాకి ఫొటోలు తీసి పెట్టడం."

"వాళ్లే లేపేశారా?"

"పని అయిపోయిందిగా! ఇక ఇది చూడు." చీఫ్ స్క్రీన్ మీద రాగి కంపెనీ షేర్ గ్రాఫ్ వేశాడు. రంపం పళ్లలా ఉంది. "పొద్దున ఎనిమిది శాతం పైకి. భోజనాల వేళకి పది శాతం కిందికి. మా ఆవిడ బీపీ నయం. అసలు ఈ మైనింగ్ షేర్లు ఇంతలా ఎందుకు ఊగుతాయయ్యా?"

"నాకు తెలీదు సర్."

"నాకూ తెలీదు. మంత్రిగారు అడుగుతున్నారు. తెలుసుకుని రిపోర్ట్ రాయి. ఈ ఊగిసలాట చాటున ఆ ముఠా గనినే కొట్టేయబోతోంది. ఎలాగో తెలిసిన మనిషి ఒక్కతే. బిజినెస్ చానెల్‌లో షేర్ల జోస్యం చెప్పే అమ్మాయి. మన ఏజెంటే."

"అయితే ఇబ్బంది ఏముంది?"

"వాళ్ల ఏజెంట్ కూడా." చీఫ్ చిన్న డబ్బా తోశాడు. లోపల ముత్యాల చెవి కమ్మలు. "ఒక దాంట్లో స్పీకర్ ఉంది, దాని మైక్ నీ చేతిలో ఉంటుంది. ఇంకోటి ఆమె ఫోన్‌కి ఎవరు కాల్ చేసినా ఎక్కడున్నారో పట్టేస్తుంది. ఇవాళ నువ్వు మేకప్ మేన్‌వి. అన్నట్టు, మీ బావ ఆ గనిలోనేగా?"

"అవును సర్. షాఫ్ట్ త్రీ."

అతని గొంతులో మార్పేమీ లేదు. చీఫే ముఖం తిప్పుకున్నాడు.

మేకప్ గదిలో అద్దం చుట్టూ బల్బులు వేడెక్కి ఉన్నాయి. ఆమె ముదురాకుపచ్చ చీరలో, కాలు మీద కాలేసుకుని కూర్చుంది. నిజంగానే అందగత్తె. ఆ సంగతి మంచుగడ్డ వాతావరణ సూచన విన్నట్టు గమనించాడు.

"ఇవాళ చెమట ఎక్కువ పట్టేలా ఉంది మేడమ్," అన్నాడు. అది కోడ్.

"ఏసీ పెంచమని చెప్పాను," అంది ఆమె. అదీ కోడే. తర్వాత గొంతు తగ్గించి, "నిన్నా పంపారు? పౌడర్ అద్దడం వచ్చా, లేక గోడకి సున్నం వేసినట్టు వేస్తావా?"

"నేర్చుకున్నాను. కమ్మలు మార్చుకోండి." స్పాంజి అద్దుతూ అడిగాడు. "ఈ మైనింగ్ షేర్లు ఎందుకలా ఊగుతాయి?"

ఆమె అద్దంలోంచి నవ్వింది. "ఇంత అందంగా తయారై కూర్చుంటే నీకు అదా కావాల్సింది? సరే విను. రాగి వంద రూపాయలకి అమ్ముడుపోతోంది. తవ్వడానికి తొంభై ఖర్చు. మిగిలేది పది. రాగి ధర నూటపది అయిందనుకో. ఖర్చు అదే తొంభై, మిగిలేది ఇరవై. ధర పెరిగింది కొంచెమే, లాభం రెట్టింపు. అదే తొంభైకి పడితే లాభం సున్నా. తోక కాస్త కదిలితే గాలిపటం ఎంత ఊగుతుందో చూశావుగా?"

"అంతేనా?"

"ఇంకోటుంది. సబ్బుల కంపెనీ అయితే ఏ కొట్టుకో వెళ్లి చూసి రావచ్చు. గనిలో ఏముందో, ఏమవుతోందో ఎవరికి కనిపిస్తుంది? షేర్లు కొన్నవాడు జన్మలో లోపలికి దిగడు. పైకి ఏ మాట వస్తే అదే నమ్ముతాడు. ఎప్పుడూ ఏడ్చే పిల్లాడున్న ఇంట్లో వాడు నిజంగా ఎందుకేడుస్తున్నాడో ఎవరూ చూడరు. మా వాళ్లకి కావాల్సింది అదే."

"మా వాళ్లంటే?"

"ఈ నెలలో అడక్కు. నాకే తెలీదు." ఆమె లేచి చీర సర్దుకుంది.

మార్కెట్ మూసేందుకు కాసేపే ఉందనగా స్టూడియోలో ఎర్ర లైట్ వెలిగింది. మంచుగడ్డ పౌడర్ డబ్బాతో కెమెరా వెనక నిలబడ్డాడు. ఆమె గంభీరంగా చెప్పింది: "మాకు ఇప్పుడే అందిన ఎక్స్‌క్లూజివ్ సమాచారం. రాగి గనిలో షాఫ్ట్ త్రీ కూలిపోయింది. లోపల ఉన్నవాళ్లంతా చిక్కుకుపోయారని భయపడుతున్నారు. ఫోన్లు పనిచేయడం లేదు."

స్క్రీన్ మీద షేర్ ధర రాయిలా జారడం మొదలైంది.

అతను గని ఆఫీసుకి ఫోన్ కొట్టాడు. డెడ్. బావ నంబర్ అందుబాటులో లేదు. అక్క నంబర్ కూడా. లోపలేదో కదలాలి. కదల్లేదు. నోట్లో కాస్త ఇనుము రుచి వచ్చింది, అంతే. పౌడర్ డబ్బా మూత పెట్టాడు. మళ్లీ తీశాడు.

జేబులో ఫోన్ మోగింది. చీఫ్. "గని దగ్గర కొండ మీది టవర్ కేబుల్ కోసేశారు. ముఠా మెసేజ్ ఒకటి ఇప్పుడే పట్టాం. ఆ పిల్ల 'ఇక లోతు చూసినట్టే' అనగానే, ముఠా డమ్మీ కంపెనీలు కారుచౌకగా కొనడం మొదలుపెడతాయి. మార్కెట్ మూసే బెల్ కొట్టేలోపు గని వాళ్లది. కానీ కూలిన మాట నిజమో అబద్ధమో ఇక్కడ ఎవరికీ తెలీడంలేదయ్యా!"

స్క్రీన్ మీదికి ఫొటో వచ్చింది. గని గేటు దగ్గరి టోకెన్ల బోర్డు. వరసలు వరసలుగా కొక్కేలు, వాటికి ఇత్తడి బిళ్లలు. కింద అక్షరాలు: 'బోర్డు నిండా టోకెన్లు. వీళ్లలో ఎందరు తిరిగొస్తారు?'

అతని కళ్లు వాటంతట అవే నాలుగో వరసలోకి వెళ్లాయి. రెండు వందల పద్నాలుగు. అది నాన్న నంబర్. పోయినవాడి నంబర్ ఆ గనిలో ఇంకెవరికీ ఇవ్వరు, ఇంటివాళ్లు అడిగితే తప్ప. బావ అడిగి తీసుకున్నాడు. "మామ టోకెన్ కొక్కెం ఖాళీగా ఉంటే మీ అక్క చూడలేకపోతోందిరా," అన్నాడు అప్పుడు.

ఖాళీగా ఉంటే.

ఫొటోలో ఆ కొక్కెం ఖాళీగా లేదు. ఒక్కటి కూడా ఖాళీ లేదు.

మంచుగడ్డ చేతిలోని మైక్‌ని పౌడర్ స్పాంజి చాటున నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఆమె అప్పటికే కెమెరా వైపు తిరిగి, "పరిస్థితి చూస్తుంటే, ఇక లోతు..." అంటోంది.

"ఆగు," అన్నాడు. ముత్యం లోపలి స్పీకర్ ఆమె చెవిలో గుసగుసలాడింది. "మా గనిలో దిగేవాడు టోకెన్ జేబులో వేసుకుని దిగుతాడు. పైకొచ్చాకే కొక్కేనికి తగిలిస్తాడు. బోర్డు నిండుగా ఉందంటే లోపల ఒక్కడూ లేడని అర్థం. లిఫ్ట్ తాడు మార్చడానికి ఎవర్నీ దించని రోజున తీసిన ఫొటో అది. వాళ్ల దేశంలో లెక్క తిరగేసి ఉంటుంది, దిగేముందు తగిలిస్తారేమో. వాడు అదే అనుకున్నాడు."

ఆమె రెప్ప వేయలేదు. పెదవులు మాత్రం ఆగాయి. ఆమె మౌనానికి ప్రొడ్యూసర్ అద్దం వెనక చేతులూపుతున్నాడు.

"ఆ ఫొటో తీసినవాడు పొద్దున లిఫ్ట్‌లో చచ్చాడు," అన్నాడు మంచుగడ్డ అదే గొంతుతో. "దాన్ని చూపించింది నువ్వు."

గడియారం ముల్లు బెల్ వైపు పాకుతోంది.

"...ఇక లోతుగా ఆలోచిస్తే," అంది ఆమె, తల కాస్త వంచి, కోట్లమంది కోసం దాచుకున్న ఆ నవ్వుతో, "నాకో అనుమానం. ఆ గనిలో పనిచేసే అన్నయ్యలు ఎవరైనా చూస్తున్నారా? మీ బోర్డు నిండుగా ఉంటే మీరు లోపలున్నట్టా, ఇంటికెళ్లినట్టా?"

స్టూడియో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. గనిలో పనిచేసి రిటైరైన వాళ్లు, సెలవులో ఊరెళ్లిన వాళ్లు, అందరిదీ ఒకే మాట: ఇంటికెళ్లినట్టే! మొదటి గొంతు లైవ్‌లో వినిపించగానే షేర్ కిందికి జారడం ఆపింది, ఒక్క క్షణం తడబడింది, నిట్టనిలువుగా లేచింది. డమ్మీ కంపెనీలు కోడ్ మాట కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాయి. బెల్ కొట్టేశారు.

బ్రేక్‌లో ఆమె ఫోన్ మోగింది. అవతలివాడు తిట్లు పూర్తి చేసేలోపే రెండో కమ్మ వాడి అడ్రస్ పట్టేసింది. చీఫ్ మనుషులు ఆ ఆఫీస్ తలుపు బద్దలు కొట్టేసరికి ముఠా మొత్తం కంప్యూటర్ల ముందే కూర్చుని ఉంది.

ఆమె మాత్రం దొరకలేదు. మేకప్ గదిలో అద్దం ముందు జత ముత్యాలున్నాయి. పక్కన లిప్‌స్టిక్‌తో ఒక్క మాట: 'సున్నమే.'

ఆ సాయంత్రం తెలియని నంబర్ నుంచి కాల్ వచ్చింది.

"ఒరేయ్ బామ్మర్దీ! నేనురా!"

మంచుగడ్డ కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాకే తెలిసింది, ఇంతసేపూ నిలబడే ఉన్నాడని. "బావా, ఎక్కడున్నావు?"

"టౌన్‌లో. కళ్లజోడు పగిలింది, సెలవు పెట్టొచ్చాను. ఫోన్ ఇంట్లోనే మర్చిపోయా. మీ అక్క చంపేస్తుంది. ఈ షాపువాడి ఫోన్ అడుక్కున్నా. అది సరేగానీ, కొంప మునిగిందిరా! మన గనివి కంపెనీ ఇచ్చిన షేర్లున్నాయి చూడు, అన్నీ ఇక్కడి బ్రోకర్ చేత అమ్మించేశాను. అది పడిపోతున్నప్పుడు, అట్టడుగున!"

"నీ టోకెన్ బోర్డు మీద ఉందిగా. టీవీలో చూశావా?"

"చూశాన్రా. రెండు వందల పద్నాలుగు, కొత్త అద్దాల్లోంచి స్పష్టంగా చూశాను."

"అయితే అది అబద్ధమని నీకు తెలుసుగా!"

"తెలుసు." బావ గొంతు తగ్గించాడు. "కానీ టీవీలో అందరూ అంత గట్టిగా చెబుతుంటే, నాకే అనుమానమొచ్చిందిరా. నేను లోపలున్నానేమో అని."

ఫోన్ పెట్టాక మంచుగడ్డ కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు.

మర్నాడు మంత్రిగారి టేబుల్ మీదికి రిపోర్ట్ వెళ్లింది. మైనింగ్ షేర్లు ఎందుకు ఊగుతాయి అన్న ప్రశ్న కింద జవాబు రెండే మాటలు.

'మా బావ.'