ఫ్రేముకు అడ్డొచ్చిన మనిషి

రెండు శవాలు. రెండూ ఒకే చోట, ఆరు వారాల తేడాతో. డాక్టర్ రిపోర్టు రెండింటికీ ఒకటే: వడదెబ్బ.

ఆర్సన్ బంటింగ్ ఆ రెండు ఫోటోలనూ తేనె పూసిన వేడి స్కోన్ రొట్టెల పళ్లెం పక్కన బోర్లించాడు. ఎడారి అంచున ఉన్న కనాబ్ ఊళ్లో అందరికీ అతను ట్రాక్టర్ విడిభాగాలు అమ్ముకునే మనిషి. అతను గూఢచారి శాఖలో తన పై అధికారి అని లారూ హీటన్‌కి ఒక్కదానికే తెలుసు. లారూ కూడా ఊరి దృష్టిలో ఫోటోగ్రాఫర్లకు దారి చూపించే గైడే.

"వాన నీళ్లు నిలిచాయా?" అన్నాడు ఆర్సన్.

"మోకాలి దాకా."

కోడ్ సరిపోయింది. ఫోటోలు ఆమె వైపు జరిపాడు. లారూ తిప్పి చూసింది. రెండో ఫోటోలో ఉన్నది మార్లిన్. ఆమెకు ఈ పని నేర్పినవాడు. చనిపోయాడని తెలుసు కానీ, ఇలా ఇసుక మీద కళ్లు తెరుచుకుని పడి ఉండటం చూడటం ఇదే మొదటిసారి.

"నీలం చొక్కా వేసుకున్నాడేంటి?" అంది. "ఊహ తెలిసిన దగ్గర్నుంచీ మట్టి రంగు తప్ప ఇంకోటి వేసుకున్న మనిషి కాదు. మొదటివాడిదీ నీలమే."

"చొక్కాల సంగతి తర్వాత. రేపు మూడోవాడు వస్తున్నాడు. వెండెల్ ప్రాట్, ఇంజనీరు. విదేశీ ముఠా మన మధ్య నాటిన నలభై ఒక్కమంది పేర్లు వాడి బుర్రలో ఉన్నాయి. కాగితం మీద పెట్టడట. మన మనిషి ఎదురుగా కనబడితేనే నోరు విప్పుతాడట."

"ఎవరా మనిషి?"

"సబీన్ వాస్. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది. ఈ ముగ్గురితోనూ అక్కడ కలయిక కుదుర్చుకున్నది ఆమే. కలుసుకునేది వేవ్ రాళ్ల దగ్గర. రోజుకి ఇరవై మందికే పర్మిట్ ఇచ్చే చోటు, ఇరవై పేర్లూ ముందే మన చేతికొస్తాయి. అంతకంటే భద్రమైన చోటు ఎక్కడుంది?"

"అంత భద్రమైన చోటే ఇద్దరు పోయారు."

"అందుకే నువ్వు వెళ్తున్నావు. ప్రాట్ ప్రాణాలతో తిరిగి రావాలి, లారూ."

"మరి నా పర్మిట్?"

ఆర్సన్ మొదటిసారి చూపు తప్పించాడు. "అది లాటరీ. నీ అదృష్టం."

వాళ్లది ప్రభుత్వాలను పడగొట్టిన ఆఫీసే కానీ, పర్మిట్ల గదిలో లాటరీ తీసే ఆర్లీన్ స్వాప్‌ను ఒక్క అంగుళం కదిలించలేకపోయింది. సబీన్, ప్రాట్‌లవి కలిపి పదింటిని ముందే ఇచ్చేశారు. మిగిలిన పదింటి కోసం ఆ ఉదయం గదిలో తొంభై మంది ఉన్నారు. ఆర్లీన్ పీపా తిప్పేది, చెక్క బంతి పడేది, నంబరు చదివేది. తొమ్మిదో బంతి మిల్వాకీ నుంచి వచ్చిన ఒక పోస్ట్‌మాన్‌ది. ఏడేళ్లుగా వచ్చి ఉత్త చేతులతో పోతున్నాడట. కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పదో బంతి లారూది.

"తగిలిందమ్మాయ్," అంది ఆర్లీన్. "నాలుగు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లు. రాయి మీద గీత పడిందో, నేనే వచ్చి చెవి మెలేస్తా."

మర్నాడు ఎండ నిప్పులు చెరుగుతోంది. మూడు మైళ్లు రాతి మీద నడిచి, పదకొండున్నరకు లారూ వేవ్ చేరింది. ఎరుపూ పసుపూ చారలు రాయి మీద కెరటాల్లా లేచి పడుతున్నాయి. ఒక్క పిట్ట అరుపు లేదు. చిన్నప్పటినుంచీ వస్తున్న చోటే, అయినా ఆ రోజు ఆమెకు అక్కడ భయమేసింది.

సబీన్ వాస్ అప్పటికే వచ్చి ఉంది. తెల్లటి నారబట్టలు, నల్లకళ్లద్దాలు, ఇంత ఎండలోనూ చెరగని లిప్‌స్టిక్. పక్కన బక్కపలచగా, చెమటలు కక్కుతూ ప్రాట్. సబీన్ ట్రైపాడ్ నిలబెట్టి, మోచేతి పొడవున్న లెన్స్ బిగించింది.

లారూ కనుబొమలు ముడిపడ్డాయి. చారల రాళ్ల మధ్య గిన్నెలా ఉన్న ఆ చోటు పట్టుమని రెండు గదులంత ఉండదు. అందరూ చోటంతా ఒకేసారి పట్టే వెడల్పు లెన్స్ తెచ్చుకుంటారు, పొడుగు లెన్స్ దూరంలో ఉన్నవాటికి.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రంలా ఉందే!" అంది నవ్వుతూ.

"చారల్ని దగ్గరగా తీయాలి డియర్," అంది సబీన్.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. గిన్నెలో నీడలన్నీ కరిగిపోయాయి. అందరూ ఎదురుచూసేది ఆ కాసేపటి కోసమే. ఎక్కడా రాసి లేని రూలు ఒకటుంది అక్కడ: ట్రైపాడ్ పెట్టినవారికి పది నిమిషాలు. మిగతావాళ్లు కంటికి కనబడకుండా తప్పుకోవాలి.

"కాస్త ఫ్రేము ఖాళీ చేయరూ, ప్లీజ్!" అంది సబీన్.

మిగతా పదిహేడుమందీ మారుమాట లేకుండా రాళ్ల వెనక్కి తప్పుకున్నారు. లారూ కాళ్లు కూడా వాటంతటవే కదిలాయి. ఆ ఊళ్లో పుట్టినవాళ్ల కాళ్లు అంతే. రాయి చాటుకు చేరాక సబీన్ గొంతు వినపడింది.

"వెండెల్, మీరు మధ్యలో నిలబడండి. మనిషి ఉంటేనే రాయి ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇదిగో, ఈ నీలం చొక్కా వేసుకోండి. ఎర్రరాయి మీద బాగా కనిపిస్తుంది."

లారూకి ఫోటోల్లోని నీలం చొక్కాలు గుర్తొచ్చాయి.

మార్లిన్‌ని కూడా ఇలాగే నిలబెట్టింది. అప్పుడూ అందరూ మర్యాదగా తప్పుకుని ఉంటారు. సాక్షుల్ని బెదిరించక్కర్లేదు, డబ్బివ్వక్కర్లేదు. ప్లీజ్ అంటే చాలు! ఆ పొడుగు గొట్టంలో ఉన్నది అద్దం కాదు, ఆయుధం.

సబీన్ వేలు బటన్ మీదే ఉంది. లారూ తుపాకీ తీసినా, గట్టిగా అరిచినా ఆ వేలు నొక్కేస్తుంది. లారూ లేచి, కనాబ్‌లో పుట్టినవారెవరూ చేయని పని చేసింది. తిన్నగా ఫ్రేములోకి నడిచి, ప్రాట్ ముందు బాసింపట్టు వేసుకు కూర్చుని, టిఫిన్ డబ్బా మూత తీసింది.

వెంటనే రాళ్లన్నీ అరిచాయి.

"ఏయ్! లే అక్కణ్ణుంచి!"

"బుద్ధుందా నీకు? నీడలొచ్చేస్తాయ్!"

అందరికంటే ముందు పోస్ట్‌మాన్ ఉరికొచ్చాడు. "ఏడేళ్లు! ఏడేళ్లు తిరిగానే తల్లీ! సాండ్‌విచ్ తినడానికి ఇదేనా నీకు దొరికిన చోటు?" అంటూ ఆమె భుజం పట్టి లాగాడు. అతని వెనకే మిగతా అందరూ. అంతమంది మధ్య ప్రాట్ మునిగిపోయాడు. లారూకి కావలసిందీ అదే. తిట్లు తింటూ ఆమె సబీన్‌నే చూసింది. అందరి ముఖాల్లోనూ కోపం ఉంది, ఆ ముఖంలో తప్ప. సబీన్ వెలుతురు చూడటం లేదు. ట్రైపాడ్ తిప్పుతూ ప్రాట్ మెడ కోసం వెతుకుతోంది.

గుంపులో సందు దొరికింది. సబీన్ బటన్ నొక్కింది.

లారూ డబ్బా మూత అడ్డం పెట్టింది. టింగ్‌మంది. వెంట్రుకంత విషపు సూది మూతలో దిగబడి వణుకుతోంది. పోస్ట్‌మాన్ తిట్టు సగంలో ఆగిపోయింది. నాలుగు అంగల్లో లారూ సబీన్‌ని చేరి, చెయ్యి వెనక్కి విరిచి పట్టుకుంది.

"పొరబడుతున్నావ్ డియర్. నేను మీ మనిషిని."

"మార్లిన్ కూడా అలాగే అనుకున్నాడు," అంది లారూ. అప్పటికి ఆమెకు కన్నీళ్లొచ్చాయి.

వారం తర్వాత అదే టేబుల్, అవే స్కోన్లు. నలభై ఒక్కమందీ జైల్లో ఉన్నారు. ప్రాట్ క్షేమం. ఆర్సన్ మాత్రం దిగులుగా ఒక కట్ట ఉత్తరాలు ముందుకు తోశాడు.

"పద్నాలుగు ఫిర్యాదులు. ఆర్లీన్ నీ పేరు కొట్టేసింది. రెండేళ్లు పీపా దరిదాపులకు రాకూడదట."

"దేశం కోసం చేశానని చెప్పలేకపోయారా?"

"చెప్పాను. 'దేశం కోసమైతే మాత్రం, పది నిమిషాలు ఆగలేకపోయిందా?' అంది."