చెదరని ముద్ర

"ఆగరా! ఆగకపోతే చస్తావ్!"

వాడు ఆగడు. భుజాన గోనెసంచితో గట్టు మీద పరిగెడుతున్నాడు. వెనకే లాఠీతో వాచ్‌మన్ పోలేరయ్య!

ఇప్పుడిప్పుడే చీకటి పడింది. ఇటు ఉప్పుమళ్ళు... అటు బకింగ్‌హామ్ కాలువ. మధ్యలో అడుగు జారితే బురదే.

పోలేరయ్య విజిల్ తీసి మూడుసార్లు ఊదుతాడు. మూడు ఊదితే దొంగ పడ్డాడని అర్థం. పాలెంలో ఉన్న కూలీలంతా కర్రలు పట్టుకుని రావాలి. ఉప్పు కంపెనీ రూలు.

ఒక్కడూ రాడు!

ఎందుకొస్తారు? పోయిన శనివారమే అందరినీ వరసలో నిలబెట్టి, రేపటి నుంచి పనిలేదు పొమ్మన్నారు. ఇంకా రూలేంటి, బూడిద!

ఉంచింది పోలేరయ్య ఒక్కడినే. పొద్దున ఏజెంటు జయరామయ్య పిలిచి మరీ చెప్పాడు.

"ఉప్పు కుప్పల దగ్గర ఎవడో తచ్చాడుతున్నాడు. పట్టుకో, నీ ఉద్యోగం పర్మనెంట్. వదిలేశావా... నువ్వూ ఇంటికే!"

అందుకే ఈ పరుగు. నలభై దాటిన ఒళ్ళు. అయినా సరే... పట్టాలి!

వరస చివరి కుప్ప దగ్గర దొంగ కాలు జారింది. ధబ్!

లాఠీ లేచింది. ఒక్కటి. ఇంకొకటి!

"అమ్మా! కొట్టబాకరా పోలేరా... నేనురా!"

ఆ గొంతు!

ముత్యాలయ్య. సొంత చెల్లెలు మస్తానమ్మ మొగుడు. శనివారం పని పోయినవాళ్ళలో మొదటివాడు.

"నువ్వా బావా? కంపెనీ ఉప్పు దొంగతనం చేస్తావా? సిగ్గులేదా నీకు?"

"ఉప్పా?" ముత్యాలయ్య నోట్లో రక్తం ఉమ్మేసి నవ్వాడు. "సంచి విప్పి చూడరా, కంపెనీ కుక్కా!"

పోలేరయ్య సంచి గుంజాడు. చెయ్యి పెట్టాడు. పిడికిట్లోకి వచ్చింది...

ఇసక!

"కుప్ప వెనకమాల తవ్వి తీసినా. పైన బెత్తెడు మందం ఉప్పు, లోపలంతా ఇదే. కాలువ ఒడ్డు కుప్పలన్నీ ఇంతే!"

"అబద్ధం! పొద్దున కూడా నా ముద్ర చెదరలేదు!"

ముద్ర అంటే పోలేరయ్యకి ప్రాణం. సాయంత్రం కాగానే ఆఫీసు నుంచి చెక్కముద్ర తెచ్చి, కుప్ప చుట్టూ తడి ఉప్పు మీద వరసగా అచ్చులు నొక్కుతాడు. ఎవడు పిడికెడు తీసినా అచ్చు చెదిరి పొద్దున్నే దొరికిపోతాడు. అలాగే దొరికింది కూలి గురవమ్మ, బిడ్డలకని కొంగులో కాస్త ఉప్పు కట్టుకుని. రిపోర్టు చేసింది పోలేరయ్యే. ఆమె పని పోయింది. ఆ పూట ఇంట్లో పెళ్ళాం అన్నం పెట్టలేదు. నీ కంపెనీనే వడ్డించమను పో, అంది.

"అదేరా నేననేది," అన్నాడు ముత్యాలయ్య. "నేను తవ్వేదాకా ముద్ర చెదరలేదు. మరి ఇసక ఎట్టా పోయింది లోపలికి? గంగమ్మ జాతరకి ఏజెంటు మనందరికీ సెలవిచ్చినాడే... ఆ మూడు రోజులూ ముద్ర ఎవరి దగ్గరుండింది?"

పోలేరయ్య పిడికిట్లోని ఇసక వదిలేశాడు.

ముద్ర నేను వేసుకుంటాలే, పిల్లల్ని తీసుకుని జాతరకి పోరా... అన్నాడు జయరామయ్య. ఎంత మంచి మనిషో అని పాలెమంతా తిరిగి చెప్పాడు పోలేరయ్య! తిరిగొచ్చి చూస్తే ముద్రలు ముద్రల్లాగే ఉన్నాయి. మర్నాటి నుంచి మళ్ళీ తనే, వాటి మీదే అచ్చులు నొక్కుతూ... ఇసక కుప్పలకి కాపలా కాశాడు!

టార్చ్ లైటు మొహాన కొట్టింది!

"శభాష్ పోలేరయ్యా! పట్టేశావే!"

జయరామయ్య. చేతిలో రెండు గొట్టాల తుపాకి.

"సార్... కుప్పలో ఇసకుంది సార్."

"ఉంటుంది. ఉప్పు పడవలెక్కి ఎప్పుడో పోయింది."

"మద్రాసులో కంపెనీ దొరలకి తెలిస్తే..."

"పిచ్చోడా! చెయ్యమంది వాళ్ళే. తీసేసిన కూలీలు కక్షకొద్దీ దోచుకున్నారని చెప్పి, బీమా డబ్బు తీసుకుని కంపెనీ మూసేస్తారు. దానికి ఒక దొంగ కావాలి. ఇడుగో, దొరికాడు. చచ్చిన దొంగయితే నోరు విప్పడు."

తుపాకి పోలేరయ్య చేతిలో పెట్టాడు!

"పారిపోతుంటే వాచ్‌మన్ కాల్చాడు. రూలు ప్రకారం సరిపోతుంది. రెండు గుళ్ళున్నాయి, గురి తప్పినా భయం లేదు. నీకు మద్రాసు గోడౌన్లో ఉద్యోగం. జీవితాంతం!"

"నావల్ల కాదు సార్."

"అయితే దొంగవి నువ్వే. ముద్ర నీ చేతిది. ఈ రాత్రి దాకా ఒక్క అచ్చు చెదరలేదు. నువ్వు కాక ఇంకెవరు తీస్తారు? ఏ పోలీసైనా అదే అడుగుతాడు!"

ఇన్నాళ్ళ విశ్వాసం... మెడకి ఉరితాడయింది!

తుపాకి లేచింది. ముత్యాలయ్య రొమ్ముకి ఎదురుగా...

"పోలేరా... నీ చెల్లెలు ముండమోస్తదిరా!"

"కాల్చు!" అరిచాడు జయరామయ్య. ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు. పోలేరయ్య ఏనాడూ తన మాట జవదాటలేదు మరి!

గొట్టం... పక్కకి తిరిగింది.

ధన్!!

ముత్యాలయ్య కళ్ళు తెరిచాడు. బతికే ఉన్నాడు!

"గురి తప్పావు కదరా గాడిదా!"

"తప్పలేదు సార్."

కుప్ప మీద ముద్రల వరస పగిలిపోయింది. ఆ కన్నంలోంచి జరజరా ఇసక కారుతోంది. తన ముద్రని తన చేత్తోనే పగలగొట్టుకున్నాడు పోలేరయ్య. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపొచ్చిందంటే వచ్చింది మరి.

పాలెంలో కుక్కలు మొరిగాయి. ఒక లాంతరు... రెండు... గట్టు పొడుగునా లాంతర్లు! విజిల్‌కి రానివాళ్ళు తుపాకి మోతకి పరిగెత్తుకొస్తున్నారు!

"తుపాకి ఇటివ్వు!" జయరామయ్య గొంతు మారింది. "ఇన్నేళ్ళు ఉప్పు తిన్నావు, ఆ విశ్వాసమైనా లేదా? ఇవ్వరా!"

పోలేరయ్య చెయ్యి దానంతటదే ముందుకు చాచుకుంది. పాడు అలవాటు! జయరామయ్య వేళ్ళు గొట్టాన్ని అందుకోబోయాయి...

"ఇయ్యబాకరా!" ముత్యాలయ్య కేక.

చెయ్యి ఆగింది.

అందరికంటే ముందు గురవమ్మ వచ్చింది. చేతిలో పచ్చికర్ర. లాంతరెత్తి కారుతున్న ఇసక చూసింది. రక్తమోడుతున్న ముత్యాలయ్యని చూసింది. పోలేరయ్య వంక పురుగుని చూసినట్టు చూసింది.

"ఏందిరా ఇది? దొంగెవుడు?"

"వీడే!" జయరామయ్య వేలు చూపించాడు. "ముద్ర వీడిది! పట్టుకోండి!"

గురవమ్మ కర్ర పోలేరయ్య మీదికి లేచింది. అతను తప్పుకోలేదు.

"నీకు చేసిన దానికి కొట్టక్కా, పడతా," అన్నాడు. "కానీ ముందు ఈయన్ని పోనియ్యబాకండి."

తుపాకి తిరిగింది. గొట్టం జయరామయ్య గుండెకి ఆనింది.

"ఇంకో గుండుంది సార్. మీరే చెప్పినారు."

జయరామయ్య చేతిలో టార్చ్ జారి ఇసకలో పడింది.

"పోలేరయ్యా... అన్నా..." అన్నాడు, మొట్టమొదటిసారి.