అయిదో ఇత్తడి పువ్వు

గడపలో లక్ష్మీదేవి ఉంటుందని ప్రతి శుక్రవారం పసుపు రాస్తాం. మరి ఇల్లు బాగుచేయడానికి ఆ గడపనే పెకలిస్తే, ఆ తల్లి అన్నాళ్లూ ఎక్కడ ఉంటుంది? ఏళ్లుగా నాకీ సందేహం. 2004లో గుణుపూర్‌లో జరిగిన ఈ సంగతి విన్నాక అది కొంచెం నెమ్మదించింది.

రాయగడలో ప్రైవేటు డిటెక్టివ్ మన్మథరావు గదికి ఆ ఉదయం సత్యవేణి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా అత్తమ్మ గడప పోయింది బాబూ. ఇల్లు పెంచుతున్నామని తీయించేం. పద్మపూర్ పెళ్లికెళ్లొచ్చేసరికి నేదు. మా మరిది దొంగతనం ఎర్రమ్మ మీద పెట్టేడు. ముప్పయ్యేళ్లుగా మా ఇంట్లో పనిసేస్తన్న మనిషి. సాయంత్రంలోగా దొరక్కపోతే పంపించేస్తానంటన్నాడు."

"గడపకి గుర్తేటమ్మా?"

"టేకుది. ఇత్తడి పువ్వులకి అయిదు గుంటలున్నాయి, పువ్వులు నాలుగే. అయిదోది ఇంకెవరిసేతా పెట్టించనిచ్చేది కాదు అత్తమ్మ. 'వస్తాది' అనేది. పోయే ముందు కూడా ఆ గుంటే తడిమింది."

మన్మథరావు, ఆయన సహాయకుడు శ్రావణ్‌కుమార్ ఆమెతోపాటు గుణుపూర్ బస్సెక్కారు.

"పాత కర్రకి ఇంత గొడవేటండీ? దొంగని పంపించేస్తే సరి." అన్నాడు మరిది గౌరీశంకర్. "నల్లరాయి గడప తెప్పించేను. అద్దంలా ఉంటాది."

ఎర్రమ్మ చేతులు చూపించింది. "శుక్రవారమొస్తే ఈ సేతులు పసుపు కోసం ఎతుక్కుంటాయి బాబూ. నానెందుకు తీస్తాను?"

మన్మథరావు పెరటి తోటలో గంటసేపు కూర్చున్నాడు. కూలీలు సంపెంగ చెట్టు కిందుగా నడుస్తూ ఇటుకలు మోస్తున్నారు. ముసలి వడ్రంగి గంగరాజు కూడా మోకాలి నొప్పితో కాలు ఈడుస్తూ అటే నడుస్తున్నాడు.

"ముసలాయన ఆ ఒక్కచోటే అంత పెద్ద అంగ వేస్తాడేమిటి సార్?" అన్నాడు శ్రావణ్‌కుమార్. "నీళ్లు కూడా లేవు."

"ప్రతిసారీ కుడికాలే ముందు." మన్మథరావు సత్యవేణి వైపు తిరిగాడు. "ఈ దారి ఎప్పటిదమ్మా?"

"మొన్నటిదే. ఇటుకల లారీ వెనక సందులో ఆగినకాడి నుంచి."

ఆయన అందరినీ చెట్టు కిందికి పిలిచాడు.

"కూలీలంతా ఈ నేలను తొక్కుతున్నారు. ఒక్క గంగరాజే దాటుతున్నాడు. కింద ఉన్నది గడప అని తెలిసిన మనిషి దాని మీద కాలు పెట్టలేడు. దాచినప్పుడు ఇక్కడ దారి లేదు. తవ్వండి."

జానెడు లోతున టేకు తగిలింది.

గంగరాజు తలపాగా తీశాడు. "కోసి గూటాలు సెయ్యమన్నారు సినబాబు. వద్దంటే నవ్వేరు. అందుకే పాతిపెట్టి, పోయిందన్నాను. ఎర్రమ్మ మీదికొస్తాదనుకోనేదు. వచ్చేక నోరు రానేదు."

సత్యవేణి మరిది వైపు చూసింది. "జాగ్రత్తగా దాయిస్తానని కదా నాకు సెప్పేవు?"

గౌరీశంకర్ తల వంచుకున్నాడు. "తప్పయిపోయింది వదినా. ఎర్రమ్మా, నువ్వెక్కడికీ పోవద్దు."

"నా కూటికే ఎసరు పెట్టేవు కదరా గంగరాజూ!" అంది ఎర్రమ్మ. కళ్లు తుడుచుకుని పసుపు తేవడానికి లోపలికి వెళ్లింది.

"అంత తెగువ ఎందుకు చేశావు?" అడిగాడు మన్మథరావు.

గంగరాజు మొలలోంచి నల్లబడిన ఇత్తడి పువ్వు తీశాడు. "ఈ గడప సేసింది మా అయ్య. ఒక పువ్వు తక్కువైతే, వచ్చే శుక్రవారం తెస్తానని పెద్దమ్మగారికి మాటిచ్చేడు. బుధవారమే పోయేడు. గడప తీసిన రోజే ఆయన పనిముట్ల పెట్టె అడుగున ఇది దొరికింది."

గడప కడిగి, సుత్తితో మెల్లగా రెండు దెబ్బలు వేశాడు. పువ్వు గుంటలో కూర్చుంది.

సత్యవేణి దాని మీద వేళ్లుంచింది.

"వచ్చింది అత్తమ్మా" అంది.